కొరియాలోని సాంగ్డో ఉద్యోగం కోసం నెల్లూరు ఇల్లు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది నెల్లూరు. చాలా ఏళ్లుగా చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాం. మా అమ్మాయి ఇక్కడే బీటెక్ సివిల్ చివరి సంవత్సరం చదువుతోంది. క్యాంపస్‌లో సాఫ్ట్‌వేర్ ఆఫర్ వచ్చింది. తను మాత్రం లండన్‌లో క్లైమేట్ పాలసీ, ఫైనాన్స్‌లో ఏడాది మాస్టర్స్ చేసి, గ్రీన్ క్లైమేట్ ఫండ్ లాంటి అంతర్జాతీయ సంస్థలో చేరతానంటోంది. సీటు కూడా వచ్చింది. ఖర్చు 45 లక్షలు. ఊళ్లో ఇల్లు తాకట్టు పెడితే గానీ లోన్ రాదు. ఇది అసలు ఉద్యోగమేనా? మా బంధువుల్లో ఈ పేరు విన్నవాళ్లే లేరు. రేపు సంబంధాలు వస్తే అమ్మాయి ఏం చేస్తోందని చెప్పాలి? లండన్ కోర్సు, ఇక్కడి పీజీ, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఈ మూడూ పోల్చి చెప్పండి. లేకపోతే సివిల్స్ కోచింగ్‌లో చేర్పించమంటారా?

జవాబు: ఉద్యోగమే, మంచి ఉద్యోగమే. కాకపోతే మీ అమ్మాయి చూస్తున్న చోట అవి చాలా తక్కువ. తను ఇంకా చూడని చోట ఎక్కువ ఉన్నాయి. ఇంటి కాగితాలు బ్యాంకుకి ఇచ్చే ముందు ఈ సంగతి మీ ఇంట్లో అందరికీ తెలియాలి.

ఇలాంటి ఉత్తరాలు నాకు తరచుగా వస్తుంటాయి. కోర్సు పేరు మారుతుంది, దేశం మారుతుంది, భయం మాత్రం ఒకటే. మనకి పేరు కూడా నోరు తిరగని దారిలో పిల్లని పంపి, చివరికి ఉన్న ఇల్లు కూడా పోగొట్టుకుంటామేమో అని. ఆ భయంలో తప్పేమీ లేదు. అందుకే ముందు ఆ సంస్థల్లో నిర్ణయాలు ఎవరు చేస్తారో, డబ్బు ఏ చేతిలోంచి ఏ చేతికి వెళ్తుందో చెప్తాను. అది తెలిస్తే ఉద్యోగాలు ఎక్కడుంటాయో మీకే అర్థమవుతుంది.

వాతావరణ మార్పుని ఎదుర్కొనే పనులకి వర్ధమాన దేశాలకి డబ్బిచ్చే గ్రీన్ క్లైమేట్ ఫండ్‌ని 2010లో మెక్సికోలోని కాన్‌కున్‌లో జరిగిన వాతావరణ సదస్సులో ఏర్పాటు చేశారు. ఆఫీసు దక్షిణ కొరియాలోని సాంగ్డోలో ఉంది. బోర్డులో 24 మంది ఉంటారు, సంపన్న దేశాల నుంచి 12 మంది, వర్ధమాన దేశాల నుంచి 12 మంది. పర్యావరణ ప్రాజెక్టులకి నిధులిచ్చే మరో సంస్థ, జీఈఎఫ్ అని పిలిచే గ్లోబల్ ఎన్విరాన్‌మెంట్ ఫెసిలిటీ, ఇంకా పాతది. 1991లో ప్రయోగంగా మొదలై 1994లో ఇప్పటి రూపానికి వచ్చింది. దాని ఆఫీసు వాషింగ్టన్‌లో. కౌన్సిల్‌లో 32 సీట్లు. మన దేశం బంగ్లాదేశ్, భూటాన్, నేపాల్, శ్రీలంక, మాల్దీవులతో కలిసి ఒక సీటు పంచుకుంటుంది. సాధారణంగా అందరూ ఒప్పుకున్నాకే నిర్ణయం తీసుకుంటారు. ఓటింగ్ దాకా వస్తే సభ్యదేశాల్లో 60 శాతం, ఇచ్చిన నిధుల్లో 60 శాతం, రెండూ ఒకే వైపు ఉండాలి. అంటే డబ్బిచ్చేవాళ్లు తమంతట తాము నెగ్గించుకోలేరు, సంఖ్య ఎక్కువున్నవాళ్లూ నెగ్గించుకోలేరు. ఈ నియమం వెనక ఎంత బేరం జరిగి ఉంటుందో ఊహించుకోండి. మీ అమ్మాయికి నచ్చింది ఇదే అయితే, తన అభిరుచి నిజంగా మెచ్చుకోదగ్గది.

అయితే ఈ ఫండ్లు ఏవీ స్వయంగా ఊళ్లలోకి వచ్చి పని చేయవు. గ్రీన్ క్లైమేట్ ఫండ్ నుంచి మన దేశానికి ఒక ప్రాజెక్టు రావాలంటే, ముందు కేంద్ర పర్యావరణ మంత్రిత్వ శాఖ అభ్యంతరం లేదని లేఖ ఇవ్వాలి. ప్రతిపాదన పంపేది సాధారణంగా ఆ ఫండ్ గుర్తింపు ఉన్న సంస్థే. నాబార్డ్, చిన్న పరిశ్రమల బ్యాంకు సిడ్బీ అలాంటివే. ఆ తర్వాత స్వతంత్ర నిపుణుల బృందం పరిశీలిస్తుంది, చివరికి బోర్డు ఆమోదిస్తుంది. జీఈఎఫ్ డబ్బయితే 18 ఏజెన్సీల ద్వారానే నడుస్తుంది. ప్రపంచ బ్యాంకు, ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ యూఎన్‌డీపీ, ఆసియా అభివృద్ధి బ్యాంకు లాంటివి అందులో ఉన్నాయి, భారతీయ సంస్థ ఒక్కటీ లేదు. సోమశిల డ్యామ్‌లో గేటు ఎత్తాక చివరి ఆయకట్టుకి నీళ్లు చేరేలోపు ఎంతమంది చేతులు పడాలో మీ నెల్లూరు రైతులకి చెప్పక్కర్లేదు. ఈ డబ్బూ అంతే. గేటు దగ్గర ఉండేది కొద్దిమందే. పనంతా కాలువల మీదే ఉంటుంది.

మీ ఇంటి పక్కనున్న ఉదాహరణే చెప్తాను. వాతావరణ మార్పు మీద దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కింద పుట్టిన అడాప్టేషన్ ఫండ్ అని మరొకటి ఉంది. మన దేశంలో దానికి గుర్తింపు పొందిన సంస్థ నాబార్డ్. సముద్రమట్టం పెరిగి ఉప్పునీరు పైకి వస్తున్న కృష్ణా జిల్లా తీరంలో మడ అడవుల ప్రాజెక్టుకి ఆ ఫండ్ సుమారు 6 లక్షల 89 వేల డాలర్లు ఇచ్చింది. డబ్బు నాబార్డ్ ద్వారా వచ్చింది. పని చేసింది ఎం.ఎస్.స్వామినాథన్ రీసెర్చ్ ఫౌండేషన్. దాని ఆఫీసు మీ వేళచ్చేరి పక్కనే తరమణిలో ఉంది. కృష్ణా తీరంలో వాళ్లు ప్రయత్నించిన పద్ధతిలో గట్ల మీద మడ మొక్కలు పెంచుతారు, మధ్య నీళ్లలో చేపలు, పీతలు పెంచుతారు. గట్టు ఎంత ఎత్తుండాలి, పోటు నీరు ఎటునుంచి లోపలికి రావాలి, ఎటు తిరిగి పోవాలి అన్నది తేల్చడానికి సివిల్ చదువు పనికొస్తుంది. ఆ గట్టుకి పెట్టిన ఖర్చు నాబార్డ్ లెక్కల్లోకి, అక్కడి నుంచి ఫండ్ బోర్డు రిపోర్టులోకి ఎలా ఎక్కుతుందో తెలిసిన సివిల్ ఇంజనీరు అరుదు. అలాంటి మనిషికి ఈ రంగంలో విలువ ఉంటుంది.

ప్రతిపాదనలు రాయడం, ప్రాజెక్టు వల్ల జనానికీ నేలకీ హాని జరక్కుండా చూసే సేఫ్‌గార్డ్స్ పని, ఫలితాలు కొలిచే పని, టెండర్లు, లెక్కలు. ఉద్యోగాలన్నీ ఇవే. పోస్టు పేరు ఎంత గొప్పగా ఉన్నా లోపల పని ఈ నాలుగైదులో ఒకటే.

ఇక లండన్ కోర్సు గురించి నా అనుమానాలు దాచుకోకుండా చెప్తాను. ఇప్పుడు ఎవరిని కదిపినా క్లైమేట్ ఫైనాన్స్ అంటున్నారు. ఏడాది కోర్సులో క్లాసులు జరిగేది కొన్ని నెలలే. ఒక్క ప్రాజెక్టు కూడా దగ్గర నుంచి చూడని పిల్లలు ఫండ్ల పాలసీలన్నీ చదివి, వాటి మీద వ్యాసాలు రాసి, బయటికి వచ్చాక ఉద్యోగ ప్రకటనలు చూస్తారు. పీజీతోపాటు కొన్నేళ్ల అనుభవం కావాలని ఉంటుంది. ఐక్యరాజ్యసమితి సంస్థల్లో చిన్న వయసు వాళ్లని తీసుకునే జేపీఓ అనే పథకం ఉంది గానీ, దానికి ఖర్చు పెట్టే దేశాలు ఎక్కువగా తమ పౌరులనే పంపుతాయి. ఈ మాట అడ్మిషన్ బ్రోచర్లలో కనపడదు. అది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. ఎందుకంటే దాని భారం మోసేది మీలాంటి ఇళ్లే.

పైగా ఈ నిధులు రాజకీయాలతో ఊగుతుంటాయి. 2018 జులైలో సాంగ్డోలో జరిగిన బోర్డు సమావేశంలో ఎజెండా మీదే కాలమంతా పోయి, కొత్త ప్రాజెక్టు ఒక్కటీ ఆమోదం పొందలేదు. అదే సమావేశంలో ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ రాజీనామా చేశారు. 2025లో అమెరికా గ్రీన్ క్లైమేట్ ఫండ్‌కి ఇస్తానని ఇంకా ఇవ్వని 400 కోట్ల డాలర్లను రద్దు చేసుకుంది. విదేశాలకి సాయం చేసే అమెరికా సంస్థ యూఎస్‌ఎయిడ్ మూతపడిందీ ఆ ఏడాదే. మన దగ్గర 2020లో విదేశీ విరాళాల చట్టం మార్చాక, ఎన్‌జీఓలు విదేశీ డబ్బులో ఆఫీసు ఖర్చులకి 20 శాతమే వాడాలి. అంతకుముందు 50 శాతం ఉండేది. తీసుకున్న విరాళాన్ని మరో సంస్థకి ఇవ్వడానికీ వీల్లేదు. దాంతో చిన్న సంస్థల్లో జీతాలకి కటకట ఏర్పడింది. పోస్టులు ఎక్కువగా ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉండే కాంట్రాక్టులు. ఇలాంటి రంగంలోకి 45 లక్షల అప్పుతో దిగితే, పదిన్నర శాతం వడ్డీకి పదేళ్లలో తీర్చేలా వేసుకున్నా నెలకి 60 వేలు దాటుతుంది. ఇక్కడ మొదటి ఉద్యోగంతో ఆ కిస్తీ కట్టడం కష్టం. అప్పుడు పిల్ల కిస్తీ కోసం ఏ ఉద్యోగం దొరికితే అందులో చేరిపోతుంది. ఏ పని కోసం ఇల్లు తాకట్టు పెట్టారో ఆ పనే చేయలేకపోతుంది.

ఇప్పుడు మీతో ఒక మాట, కాస్త గట్టిగానే చెప్తున్నాను. మీ ఉత్తరంలో బంధువులున్నారు, సంబంధాలున్నాయి, ఇల్లుంది. మీ అమ్మాయికి ఈ ఆలోచన ఎలా వచ్చిందో, తను ఏం చదివిందో, ఎవరితో మాట్లాడిందో ఒక్క ముక్క లేదు. మీరు అడిగారా? అడక్కుండానే సివిల్స్ కోచింగ్ అంటున్నారు. ఇష్టం లేని పిల్లని కోచింగ్‌లో పడేస్తే మంచి వయసు కరిగిపోతుంది. అది మీకు లెక్కలోకి రావడం లేదు, తాకట్టు మాత్రం వస్తోంది. పెళ్లి మాట ఈ నిర్ణయంలోకి తేకండి అయ్యా. సంబంధం వాళ్లు అడిగితే, పర్యావరణ ప్రాజెక్టుల్లో ఇంజనీరు అని చెప్పండి. అది నిజమే, అందరికీ అర్థమవుతుంది. అది విని మొహం చిట్లించే ఇంటికి పిల్లనివ్వాల్సిన అవసరం మీకేముంది?

సివిల్స్ విషయంలో ఒక నిజం చెప్పాలి. ఆ బోర్డుల్లో భారత్ తరఫున కూర్చునేది ఎక్కువగా ఆర్థిక, పర్యావరణ మంత్రిత్వ శాఖల అధికారులే. అమ్మాయికి ఆ కుర్చీయే కావాలనిపిస్తే ఇండియన్ ఎకనామిక్ సర్వీస్ అని ఒక దారి ఉంది, దానికి ఎకనామిక్స్‌లో పీజీ ఉండాలి. కానీ అది తన నోటి నుంచి రావాలి, మీ నోటి నుంచి కాదు.

మూడూ పోల్చమన్నారు. సాఫ్ట్‌వేర్ గురించి మీకు నేను చెప్పాల్సింది లేదు. డబ్బు అత్యవసరమైతే చేరవచ్చు, రెండేళ్లలో బయటికి రావడం నేరమూ కాదు. ఇక్కడి పీజీల్లో నాకు మొదట గుర్తొచ్చేది కోట్టూర్‌పురంలోని మద్రాస్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్. అక్కడ పర్యావరణ ఆర్థికశాస్త్రంలో ఎంఏ ఉంది. బీటెక్ వాళ్లకి అర్హత ఎలా ఉందో ఈసారి నోటిఫికేషన్‌లో చూసుకోండి. బెంగళూరు వెళ్లడానికి ఇబ్బంది లేకపోతే నేషనల్ లా స్కూల్‌లో పబ్లిక్ పాలసీ మాస్టర్స్, అజీమ్ ప్రేమ్‌జీ యూనివర్సిటీలో డెవలప్‌మెంట్ ఎంఏ ఉన్నాయి. నన్నడిగితే వీటికన్నా ముందు రెండేళ్ల పని. తరమణిలోని ఆ సంస్థలోనో, తమిళనాడు ప్రభుత్వ గ్రీన్ క్లైమేట్ కంపెనీలోనో, కన్సల్టెన్సీలోనో, జీతం తక్కువైనా ఫీల్డుకి పంపే చోటు చూసుకోవాలి. తెలుగు, తమిళం రెండూ వచ్చిన ఇంజనీరుకి ఈ తీరంలో పని దొరకదని నేను నమ్మను. యూఎన్‌డీపీ ద్వారా గ్రీన్ క్లైమేట్ ఫండ్ డబ్బుతో ఆంధ్రప్రదేశ్, ఒడిశా, మహారాష్ట్రల్లో చేపట్టిన తీరప్రాంత ప్రాజెక్టు ఒకటుంది, ఫండ్ వాటా సుమారు 4 కోట్ల 30 లక్షల డాలర్లు. దాని పత్రాలన్నీ ఫండ్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చదువుకోవచ్చు.

ఇంకో సంగతి. బ్రిటన్ ప్రభుత్వం పూర్తి ఖర్చు భరించే చెవెనింగ్ స్కాలర్‌షిప్‌కి రెండేళ్ల పని అనుభవం తప్పనిసరి. గట్టి పోటీ ఉంటుంది, వస్తుందని మాట ఇవ్వలేను. కానీ ఈ ఏడాదే అప్పుతో వెళ్లిపోతే, ఈ కోర్సుకి ఆ స్కాలర్‌షిప్ ప్రయత్నించే అవకాశం కూడా ఉండదు.

భయపడకండి. మీ అమ్మాయి చెడ్డ దారి పట్టలేదు, తొందరపడుతోంది, అంతే. ఆ వయసులో అందరూ పడతారు. ఈ ఆదివారం తనని కూర్చోబెట్టుకుని ఆ తీర ప్రాజెక్టు పత్రం తెరిపించండి. డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు సంతకం పెడతారు, ఊళ్లో మనిషికి అన్యాయం జరిగితే ఎవరికి చెప్పుకోవాలి అని అడగండి. మీకు అర్థమయ్యేలా తెలుగులో చెప్పమనండి. మధ్యలో ఆపకుండా వినండి. చెప్పగలిగితే తనకి ఈ పని మీద ఇష్టం నిజమని మీకే తెలుస్తుంది. తడబడితే తనకే తెలుస్తుంది.

లండన్ సీటు మాత్రం వదులుకోవద్దు. రెండేళ్లు కుదరకపోయినా కనీసం వచ్చే ఏడాదికి వాయిదా వేయమని యూనివర్సిటీకి ఈ వారమే మెయిల్ పెట్టించండి, చాలా చోట్ల ఒప్పుకుంటారు. ఫీజు పెరిగితే ఏ రేటు కట్టాలి, డిపాజిట్ ఇప్పుడే కట్టాలా, కట్టాక వెళ్లకపోతే తిరిగి ఇస్తారా అన్నవి కూడా అందులోనే అడగమనండి. జవాబు వచ్చేదాకా ఇంటి కాగితాలు బీరువాలోనే ఉంచండి.