కాస్మిక్ ఎలక్ట్రాన్లను కొలవడానికి బెలూన్ ఎందుకు?

"శ్రీహరికోట నుంచి ఇన్ని రాకెట్లు వెళ్తుంటే, అంతరిక్షం నుంచి వచ్చే కాస్మిక్ ఎలక్ట్రాన్లను కొలవడానికి బెలూన్ ఎందుకు?" అని ఒకరు అడిగారు. కావలిలో మేడెక్కి రాకెట్ వెలుగు చూసినప్పుడల్లా మా అమ్మాయి అడిగేదీ ఇదే.

మన నెత్తిన ఉన్న గాలి పది మీటర్ల లోతు నీళ్లంత బరువు. పైనుంచి వచ్చే ఎలక్ట్రాన్ అందులోనే చిన్న కణాల జల్లుగా చెదిరిపోతుంది. హీలియం బెలూన్ 38 కిలోమీటర్లు ఎక్కితే, ఇంకా పైన మిగిలేది సుమారు నాలుగు సెంటీమీటర్ల నీళ్లంత గాలే. సౌండింగ్ రాకెట్ (కక్ష్యలోకి వెళ్లకుండా పైకెళ్లి తిరిగి పడిపోయే చిన్న రాకెట్) పైన నిమిషాలే ఉంటుంది. బెలూన్ గంటలు, అంటార్కిటికా మీదైతే వారాలు తేలుతుంది.

ఆ టైమ్ కావాలి, ఎందుకంటే కాస్మిక్ కిరణాల్లో, అంటే అంతరిక్షం నుంచి వచ్చిపడే కణాల్లో, ఎలక్ట్రాన్లు దాదాపు ఒక్క శాతమే. మిగతావి ఎక్కువగా ప్రోటాన్లు. ఈ రెంటినీ వేరుచేయడమే అసలు కష్టం. పరికరంలోని బరువైన లోహపు పొరల్లో ఎలక్ట్రాన్ జల్లు ఇరుకుగా ఉంటుంది, ప్రోటాన్‌ది వెడల్పుగా చెదురుతుంది. 1961లో కాస్మిక్ ఎలక్ట్రాన్లను తొలిసారి నేరుగా పట్టుకున్నవీ బెలూన్ పరికరాలే.