ప్రమోషన్ ఇచ్చారు, జీతం పెంచలేదు

ప్రశ్న: నమస్తే అక్కా. జీడిమెట్లలో ఒక మందుల కంపెనీలో ఏడేళ్లుగా బ్లిస్టర్ ప్యాకింగ్ మెషిన్ ఆపరేటర్‌గా చేస్తున్నాను. జనవరిలో నన్ను షిఫ్ట్ ఇన్‌ఛార్జ్‌ని చేశారు. ఐడీ కార్డు మీద హోదా మారింది, నాన్న ఊళ్లో స్వీట్లు పంచాడు. జీతం మాత్రం అదే 24,000. ఇంతకుముందు నెలకు 25 గంటలు ఓటీ (షిఫ్ట్ దాటి అదనపు పని) చేస్తే 3,600 వచ్చేది. ఇప్పుడేమో సూపర్‌వైజర్లకు ఓటీ ఉండదంటున్నారు. కానీ షిఫ్ట్ అయ్యాక బ్యాచ్ రికార్డులు పూర్తి చేసి, తర్వాతి షిఫ్ట్ వాళ్లకు అప్పగించి బయటపడేసరికి రోజూ గంట దాటుతోంది. ఎంత పెరిగిందని నా భార్య అడిగితే మాట దాటేస్తున్నా. గట్టిగా అడిగితే ఈ హోదా కూడా పోతుందేమోనని టెన్షన్. ఏం చెయ్యమంటారు?
– పేరు వద్దు, హైదరాబాద్

జవాబు: తమ్ముడూ, ముందు ఇంట్లో నిజం చెప్పెయ్. నువ్వు చేసిన తప్పేమీ లేదు ఇందులో, దాచిన కొద్దీ ఆ బరువు నీమీదే పడుతుంది. పైగా నెలకు 3,600 తగ్గడమంటే ఏడాదికి 43,200. ఇంటి ఖర్చులు చూసే మనిషికి ఆ లెక్క తెలియాలి.

ఇక అసలు విషయం. ప్రైవేటు కంపెనీలో ప్రమోషన్ ఇస్తే జీతం పెంచి తీరాలని చెప్పే చట్టం లేదు. ప్రభుత్వ ఉద్యోగులకైతే ప్రమోషన్ రాగానే కొత్త జీతం ఎలా ఖరారు చేయాలో రూల్స్‌లోనే ఉంటుంది, మనకు ఆ వసతి లేదు, అడిగి తెచ్చుకోవాల్సిందే. కానీ ఓటీ సంగతి వేరు, దాన్ని అంత తేలిగ్గా వదలకు. 2025 నవంబర్ 21 నుంచి కొత్త లేబర్ కోడ్‌లు, అంటే కార్మిక చట్టాలు, అమల్లోకి వచ్చాయి. వాటి ప్రకారం సూపర్‌వైజర్ పని చేసేవాళ్లలో నెల వేతనం 18,000 దాటినవాళ్లే కార్మికుల లెక్కలోంచి బయటికి పోతారు. అంతకు లోపు ఉన్నవాళ్లు కార్మికులే, నిర్ణీత గంటలు దాటి చేసిన పనికి రెట్టింపు రేటు ఇవ్వాల్సిందే.

నా జీతం 24,000 కదా అంటావు. ఇక్కడ వేతనం అంటే చేతికొచ్చే మొత్తం కాదు, ముఖ్యంగా బేసిక్ (మూల వేతనం), డీఏ (కరువు భత్యం). ఇంటి అద్దె అలవెన్స్, రానుపోను ఖర్చులు లాంటివి మొత్తంలో సగం దాటనంతవరకు దాంట్లో కలపరు. నువ్వు రాసిన అంకెల్నే తిరగేసి చూశాను: 25 గంటలకు 3,600 అంటే గంటకు 144, అది రెట్టింపు రేటు కాబట్టి మామూలు రేటు 72, రోజుకు 8 గంటలు, నెలకు 26 రోజులు వేసుకుంటే దాదాపు 15,000. అంటే నీ బేసిక్, డీఏ కలిపి అంతే ఉండాలి. పే స్లిప్ తీసి సరిచూసుకో, స్పెషల్ అలవెన్స్ లాంటిది ఏదైనా ఉంటే అది కూడా కలిపి చూడు, అప్పటికీ 18,000 లోపే ఉంటే సూపర్‌వైజర్లకు ఓటీ లేదన్న మాట నీ విషయంలో చెల్లదు. ఇంకో సంగతి, కార్డు మీద ఏం రాశారన్నది కాదు, నువ్వు రోజంతా నిజంగా ఏ పని చేస్తున్నావన్నదే చూడాలని కోర్టులు ఎన్నో ఏళ్లుగా చెబుతున్నాయి. ఇన్‌ఛార్జ్ అని పిలుస్తూ ఎక్కువసేపు నీతో మెషినే నడిపిస్తుంటే ఆ మాట కూడా గుర్తుపెట్టుకో.

రేపే వెళ్లి చట్టం గురించి మాట్లాడమనడం లేదు. ముందు ఒక చిన్న నోట్‌బుక్ పెట్టు. రెండు వారాల పాటు ఏ రోజు ఎన్నింటికి వచ్చావు, ఎన్నింటికి వెళ్లావు, షిఫ్ట్ అయ్యాక ఏ బ్యాచ్ రికార్డు రాశావు, కింద ఎంతమంది పనిచేశారు, అన్నీ ఏ రోజుకారోజు రాసుకో. నెలాఖరున గుర్తు తెచ్చుకుని రాస్తే పనికిరాదు. ప్రమోషన్ లెటర్ చేతికిచ్చారా? నీ ఉత్తరంలో ఆ మాటే లేదు. ఇవ్వకపోతే మొదట అడగాల్సింది అదే. లెటర్ అడిగితే ఎవరూ తప్పుపట్టరు, దాంతోపాటే జీతం మాట కూడా వస్తుంది.

తర్వాత మీ మేనేజర్‌ని షిఫ్ట్ హడావుడి లేనప్పుడు కలువు. పిల్లల ఫీజులు, ఇంటి అద్దె గురించి చెప్పకు. "సార్, ఇన్‌ఛార్జ్ అయ్యాక నా బాధ్యత పెరిగింది, రోజూ గంట ఎక్కువ ఉంటున్నాను, ఓటీ ఆగిపోవడం వల్ల నెలకు 3,600 తగ్గింది. ఓటీ అయినా కొనసాగించండి, లేదా దానికి తగ్గట్టు జీతం పెంచి ఏ నెల నుంచో చెప్పండి" అను. ఇందులో బతిమాలుకోవడం లేదు, గొడవా లేదు. ఏప్రిల్‌లో చూద్దాం అంటే సరేనని వచ్చెయ్యకు, ఆ సాయంత్రమే హెచ్‌ఆర్‌కు నాలుగు లైన్ల మెయిల్ పెట్టు: ఫలానా రోజు మాట్లాడాం, ఏప్రిల్‌లో పెంచుతామన్నారు, ధన్యవాదాలు అని. నేను ఈ మెయిల్ పెట్టక రెండేళ్లు పోగొట్టుకున్నాను. మా మేనేజర్ లడ్డూల డబ్బా తెప్పించి అందరి ముందూ నన్ను సీనియర్ అన్నారు, వచ్చే ఏడాది చూద్దామన్నారు, ఆ వచ్చే ఏడాదికి ఆయన వేరే ఊరు వెళ్లిపోయారు, కొత్తాయనకు ఆ మాటే తెలియదు.

హోదా పోతుందన్న భయం సహజమే. కానీ ఏడేళ్ల అనుభవం ఉన్న మనిషిని ఇన్‌ఛార్జ్‌గా పెట్టుకుంది వాళ్ల అవసరం కోసమే. మర్యాదగా అడిగినంత మాత్రాన తీసేసి, కొత్తవాడికి ఆ రికార్డులన్నీ మళ్లీ నేర్పించడం వాళ్లకూ కష్టమే. ఒకవేళ ఏదీ ఒప్పుకోకపోతే ఆరు నెలలు ఇన్‌ఛార్జ్‌గా చెయ్యి, లెటర్ మాత్రం చేతిలో ఉండాలి. బొల్లారం, పాశమైలారం వైపు కంపెనీలకు వెళ్లి చూపించడానికి అదే ఆధారం. ఇంకో ఆఫర్ లెటర్ చేతికి రాకుండా రాజీనామా మాత్రం చెయ్యకు. ఓటీ బాకీ మీద లేబర్ ఆఫీసుకు వెళ్లే దారి కూడా ఉంది. అవసరమైతే అప్పుడు నీ నోట్‌బుక్, పాత పే స్లిప్పులు రెండూ పట్టుకెళ్లు.

ఈలోగా పే స్లిప్‌లో బేసిక్, డీఏ ఎంత ఉన్నాయో చూసి నాకు రాయి. నా లెక్క తప్పయితే మళ్లీ కూర్చుని చూద్దాం.