మునిగి చూపెట్టుండ్రి సార్

"వయసులో మనకంటే చిన్నవాళ్ల దగ్గర నేర్చుకోవడానికి మనసు ఎందుకు ఒప్పుకోదు? మీరెప్పుడైనా అలా నేర్చుకున్నారా?" అని కదా అడిగారు. నేను నేర్చుకున్నాను. ఈత. 47 ఏళ్ల వయసులో, ఎనిమిదో తరగతి పిల్లాడి దగ్గర, వాళ్ల పొలం బావిలో.

నాది సిద్దిపేట వైపు. హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. ఆర్కిమిడీస్ సూత్రం, ఏది తేలుతుంది, ఏది మునుగుతుంది, ఎందుకు, ఇదంతా 20 ఏళ్లకు పైగా తొమ్మిదో తరగతికి బోర్డు మీద రాసి చెప్పినవాణ్ని. కానీ నీళ్లంటే నాకు చచ్చేంత భయం. చిన్నప్పుడు మా ఊరి చెరువులో కాలు జారితే ఎవరో జుట్టు పట్టుకుని బయటికి లాగారు. ఆ తర్వాత మా అమ్మ నన్ను చెరువు కట్ట ఎక్కనివ్వలేదు, పెద్దయ్యాక నేనే ఎక్కలేదు.

ఒక ఎండాకాలం సెలవుల్లో ఏదో పని మీద బడికి వెళ్లి వస్తుంటే, దారి పక్క బావిలోకి పిల్లలు దూకుతూ కనిపించారు. బండి ఆపి గట్టిగా కేకలేశాను. అందరూ చొక్కాలు చేతపట్టుకుని పరుగో పరుగు. ఒక్కడు మాత్రం కదల్లేదు, వాళ్ల బావే కదా. నీళ్లలోంచే "సార్, మీకు ఈత వస్తదా?" అన్నాడు. ఎక్కిరింపు ఏమీ లేదు అందులో, నిజంగానే అడిగాడు. రాదన్నాను. "మరి నేర్పాల్నా?" అన్నాడు. క్లాసులో చివరి బెంచీలో కూర్చుని, ఏం అడిగినా నోరు విప్పని పిల్లాడు వాడు.

రెండు రోజులు ఆ మాటే చెవుల్లో తిరిగింది. మూడో రోజు పొద్దున్నే ఆరింటికి వెళ్లాను.

మా దిక్కు పాత వ్యవసాయ బావులు చూసినవాళ్లకు తెలుస్తుంది. గదులు గదులంత వెడల్పు, చుట్టూ రాతి కట్టడం, ఒక పక్క నుంచి నీళ్లలోకి దిగే మెట్లు. వాళ్ల తాత ఒడ్డున కూర్చుని తాడు ఒక కొన వేపచెట్టుకు, రెండో కొన నా నడుముకు కట్టాడు. వీపుకేమో 5 లీటర్ల ఖాళీ నూనె డబ్బా. పూర్వం ఎండిన సొరకాయ బుర్రలు, బెండ్లు కట్టేవాళ్లు, ఇప్పుడు అందరూ డబ్బాలే కడుతున్నారు.

మొదటి రెండు రోజులు ఒక్క అడుగు ముందుకు పడలేదు, తప్పు పూర్తిగా నాదే. వాడు ఏం చెప్పినా నా నోట్లోంచి వచ్చే మాట ఒకటే, "తెలుసు". కాళ్లు తొడల కాన్నుంచి ఆడియ్యాలె సార్ అంటే తెలుసు. ఊపిరి బిగబట్టాలె అంటే తెలుసు, ఛాతీలో గాలి ఉంటే శరీర సాంద్రత నీటి సాంద్రత కంటే కొంచెం తగ్గుతుంది, అందుకే. ఇదంతా నిజమే, పరీక్షలో రాస్తే మార్కులు కూడా పడతాయి. కానీ నా చెయ్యి మాత్రం మెట్టు పక్క రాయిని వదలడం లేదు.

మూడో రోజు వాడు నా వీపు మీది డబ్బా విప్పేశాడు. "తెల్సు తెల్సు అంటరు గని, రాయి ఇడుస్తలేరు సార్" అన్నాడు. తర్వాత అన్న మాట నేను చచ్చేదాకా మర్చిపోను. "ఇయ్యాల ఈత వద్దు. మునగండ్రి. గా కింది మెట్టు మీద కూసోని చూపెట్టుండ్రి. కూసుంటే ఇగ ఇంటికి పోవుడే."

ఛాతీ లోతు నీళ్లు. నిండా గాలి పీల్చుకుని, కళ్లు మూసుకుని మునిగాను. కింది మెట్టు పాదాలకు తగులుతోంది, కానీ కూర్చుందామంటే నడుము దాని మీద ఆనదు. ఎవరో కింద చెయ్యి పెట్టి పైకి తోస్తున్నట్టే ఉంది. లేచి, మళ్లీ గాలి పీల్చి, ఈసారి వాడు చెప్పినట్టు మోకాళ్లు రెండూ చేతులతో చుట్టుకుని ముద్దలా అయిపోయాను. కొంచెం కిందికి దిగాను. ఆగాను. ఆ తర్వాత నేనేమీ చెయ్యకుండానే మెల్లగా పైకి లేచి, నా వీపు గాలికి తగిలింది. తడి వీపు మీద పొద్దుటి గాలి, చల్లగా. చెవుల్లో నీళ్ల హోరు తప్ప ఏమీ లేదు. నన్ను ఎవరూ పట్టుకోలేదు, నేను దేన్నీ పట్టుకోలేదు. తలెత్తి చూస్తే వాడు మెట్టు మీద గొంతుక్కూర్చుని "మునుగుడు గంత అల్క గాదు సార్" అన్నాడు.

నిజం చెప్తున్నాను, ఆ నిమిషానికి నాకు ఏడుపొచ్చింది. 20 ఏళ్లుగా నేను చెప్పిన పాఠం, అంతవరకు నేను నమ్మని పాఠం అది.

ఆ తర్వాత వారం రోజుల్లో ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్లగలిగాను. మధ్యలో మునిగిపోతున్నప్పుడల్లా వాడు అరిచేది ఒకటే, "తలకాయ లేపకుండ్రి". భయపడ్డవాడు ముందు తల పైకెత్తుతాడు. తల అంటే తక్కువ బరువు కాదు, 4, 5 కిలోలు ఉంటుంది. అది నీళ్లలో ఉన్నంతసేపు నీళ్లు మోస్తాయి, బయటికి తీస్తే ఆ బరువంతా మన ఒంటి మీదే పడి కాళ్లు కిందికి దిగిపోతాయి. ఈ లెక్కంతా నేను తర్వాత వేసుకున్నాను, వాడికి లెక్క తెలియదు, కానీ ఏ క్షణంలో అరవాలో తెలుసు. ఎందుకంటే వాడు నేర్చుకుని నాలుగేళ్లే అయింది, తను ఎక్కడ భయపడ్డాడో ఇంకా గుర్తుంది. పాతికేళ్లుగా ఈత కొట్టేవాళ్లకు ఆ భయం గుర్తుండదు. మా తోటి టీచర్ ఒకాయన బ్రహ్మాండంగా ఈదుతాడు, ఆయన్ని ఎన్నిసార్లు అడిగినా "ఏముంది, దూకెయ్యడమే" అనేవాడు. అందుకే కొత్తగా నేర్చుకున్నవాడే మంచి గురువు అంటాను నేను, వాడి వయసు ఎంతైనా సరే.

మీరు మనసు ఒప్పుకోదు అన్నారు. నేను చూసినంతలో మనసు ఒప్పుకుంటుంది, నోరే ఒప్పుకోదు. ఆ "తెలుసు" అనే మాట ఒక్కటి ఆపుకోగలిగితే చాలు, మిగతా పని చిన్నవాళ్లే చేస్తారు. పిల్లల నుంచి కూడా నేర్చుకోవాలి అని పొద్దున్నే వాట్సాప్‌లో పంపేవాళ్లు బోలెడు మంది, నేర్చుకునేవాళ్లు ఎందరు? మా బంధువుల్లో ఒక పెద్దాయన బస్సు టికెట్ బుక్ చెయ్యాలంటే ఫోన్ మనవరాలి చేతిలో పెడతాడు. ఆ పిల్ల చేస్తున్నంతసేపూ "సరిగ్గా చూడు, తేదీ చూడు" అని కసురుతూనే ఉంటాడు. "చెయ్యి" అంటాడు గానీ "నేర్పు" అని ఒక్కసారీ అనలేదు. పైగా పిల్లకాకికేం తెలుసు ఉండేలు దెబ్బ అని సామెత ఒకటి. ఆ సామెత వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఉండేలు దెబ్బ సంగతేమో గానీ పిల్లకాకికి ఎగరడం నేర్చుకున్న రోజు బాగా గుర్తుంటుంది. దత్తాత్రేయుడి 24 మంది గురువుల్లో చిన్న పిల్లవాడు కూడా ఉన్నాడని ప్రవచనాల్లో విని తలలూపుతాం, ఇంటికొచ్చి పిల్లల్ని నోర్ముయ్యమంటాం.

ఇంకో మాట కూడా చెప్పాలి, ప్రశ్నకు కొంచెం పక్కదైనా. మన దేశంలో ఏటా 30 వేల మందికి పైగా నీళ్లలో మునిగి చనిపోతున్నారు. బడి వయసు పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు నేర్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తూనే ఉంది. మన బడుల్లో ఎక్కడ నేర్పుతున్నాం? ఎండాకాలం వస్తే బావి దగ్గరికి పోవద్దని కేకలేస్తాం, ఆ రోజు నేను వేసినట్టే. పోవద్దంటే పోకుండా ఉండే పిల్లలు ఏ ఊళ్లోనూ లేరు.

ఆ ఏడాది బడి తెరిచాక పాఠం చెప్పే పద్ధతి మార్చాను. ముందు బకెట్ నీళ్లు, కమలాపండ్లు పిల్లలకు ఇచ్చేస్తాను. తొక్కతో వేస్తే తేలుతుంది, తొక్క ఒలిచి వేస్తే మునుగుతుంది. బరువు తగ్గితే మునగడమేంటి అని వాళ్లలో వాళ్లు కొట్లాడుకుంటారు. తొక్కలో ఉన్న గాలి గురించి ఎవరో ఒకరు చెప్పేదాకా నేను నోరు తెరవను. ఈత నేర్పిన పిల్లాడు తొమ్మిదిలోకి వచ్చినప్పుడు ఆ పాఠం రోజు వాణ్నే ముందుకు పిలిచాను. ముప్పావు గంట మాట్లాడాడు.

ఇప్పుడు మా ఆవిడ తనకూ నేర్పించమంటోంది. నేను నేర్పుతానంటే వద్దంది, నాకు ఓపిక తక్కువట. ఆ పిల్లాడి చెల్లెలు ఆరో తరగతి, చేపపిల్లలా ఈదుతుంది, తను ఒప్పుకుంది. పొద్దున్నే మగవాళ్లెవరూ అటు రాకుండా వాళ్ల నాయనమ్మ చూసుకుంటానంది. తాడు కొత్తది కొన్నాం, నూనె డబ్బా కడిగి ఎండబెట్టాం.