మేరీ మెక్లౌడ్ బెతూన్ ఎవరు? ఒకటిన్నర డాలరుతో బడి పెట్టారన్నది నిజమేనా?

ఆమె అమెరికాకు చెందిన నల్లజాతి విద్యావేత్త. బడి మాట కూడా నిజమే. 1904 అక్టోబరులో ఫ్లోరిడాలోని డేటోనాలో, చేతిలో ఒకటిన్నర డాలరుతో, ఐదుగురు నల్లజాతి ఆడపిల్లలతో ఆమె బడి తెరిచారు. ఆరో విద్యార్థి ఆమె కొడుకే. పారేసిన చెక్కపెట్టెలే బల్లలు, ఎల్డర్‌బెర్రీ పళ్ల రసమే సిరా. చిలగడదుంపలతో తీపి వంటకాలు చేసి అమ్మి ఖర్చులు వెళ్లదీశారు.

ఆ పట్టుదల చిన్ననాటిది. 1875లో సౌత్ కరోలినాలో, ఒకప్పుడు బానిసలుగా బతికిన దంపతులకు 17 మంది పిల్లల్లో 15వ బిడ్డగా పుట్టారు. పత్తి చేలో పనిచేస్తూనే మైళ్లు నడిచి బడికి వెళ్లి, నేర్చుకున్నది ఇంటికొచ్చి తనవాళ్లకు చెప్పేవారు.

నల్లజాతి రోగులకు సరైన వైద్యం అందని రోజుల్లో, 1911లో బడి పక్కనే ఆసుపత్రి కూడా పెట్టారు. నాకు అన్నిటికంటే గొప్పగా అనిపించేది 1920 నాటి సంగతి. నల్లవాళ్లు ఓటు వేయకూడదని నల్లజాతివాళ్లపై దాడులు చేసే కూ క్లక్స్ క్లాన్ అనే శ్వేతజాతి ముఠా రాత్రివేళ బడి మీదికొచ్చినా ఆమె బెదరలేదు. ఓటర్లను వెంటబెట్టుకుని పోలింగుకు వెళ్లారు.

1923లో ఆ బడి కుక్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌తో కలిసింది. అదే నేటి బెతూన్-కుక్‌మన్ యూనివర్సిటీ. 1935లో నీగ్రో మహిళల జాతీయ మండలిని స్థాపించారు, అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు సలహాదారుగా పనిచేశారు. 1955లో మరణించారు. 2022లో అమెరికా పార్లమెంటు భవనంలో ఫ్లోరిడా తరఫున ఆమె పాలరాతి విగ్రహం పెట్టారు.