న్యూజెర్సీ నుంచి పెన్సిల్వేనియాకు మారాం, పన్ను ఎవరికి కట్టాలి?

ప్రశ్న: 2025 జూన్ 30 వరకు న్యూజెర్సీలోని ఎడిసన్‌లో అద్దెకు ఉన్నాం. జూలై 1న పెన్సిల్వేనియా బక్స్ కౌంటీలో ఇల్లు కొనుక్కుని వచ్చేశాం. నా ఆఫీసు ప్రిన్స్‌టన్‌లోనే ఉంది, ఉద్యోగం మారలేదు. హెచ్‌ఆర్ పోర్టల్‌లో చిరునామా మార్చాను. అయినా డబ్ల్యూ-2లో (కంపెనీ ఇచ్చే వార్షిక జీతం, పన్ను కోతల పత్రం) జీతం 1,20,000 డాలర్లూ న్యూజెర్సీ కిందే వచ్చింది, పన్ను 5,200 డాలర్లూ అక్కడికే వెళ్లింది. దానికి పెన్సిల్వేనియాలో క్రెడిట్ తీసుకోవచ్చా, అంటే అక్కడ కట్టినదాన్ని ఇక్కడి పన్నులోంచి తగ్గించుకోవచ్చా? భారత్‌లో ఎన్‌ఆర్‌ఈ (విదేశీ సంపాదన దాచుకునే ప్రవాసుల ఖాతా) డిపాజిట్లు కూడా ఉన్నాయి.

జవాబు: తీసుకోకూడదు. తీసుకుంటే తిరస్కరిస్తారు. ఈ రెండు రాష్ట్రాల మధ్య జీతాలపై పరస్పర ఒప్పందం ఉంది. ఎక్కడ పనిచేసినా, నివాసమున్న రాష్ట్రానికే జీతంపై పన్ను. జూలై నుంచి మీ జీతంపై న్యూజెర్సీకి హక్కే లేదు కాబట్టి, అక్కడ కట్టిన దానికి పెన్సిల్వేనియా క్రెడిట్ ఇవ్వదు. ఆ డబ్బు న్యూజెర్సీ నుంచి రిఫండుగా రాబట్టుకోవాలి. పెన్సిల్వేనియా పన్ను మాత్రం ఈలోగా మీ జేబులోంచి కట్టాలి. రెండు రాష్ట్రాలూ తమలో తాము సర్దుకోవు. చాలామంది ఇక్కడే దెబ్బతింటున్నారు.

ముందు జూన్ ఆఖరి పే స్టబ్ (జీతం చీటీ) తీయండి. అందులో ఏడాది మొదటి నుంచి అప్పటివరకు వచ్చిన జీతం 58,000, న్యూజెర్సీ పన్ను 2,500 అని ఉందనుకుందాం. అంటే మిగతా 62,000 జీతం, 2,700 పన్ను జూలై తర్వాతివి.

న్యూజెర్సీకి రెండు రిటర్నులు వెళ్లాలి. మొదటిది నివాసులు వేసే ఎన్‌జె-1040. ఇందులో జనవరి 1 నుంచి జూన్ 30 వరకు నివాసమని తేదీలు వేసి, 58,000 జీతం, 2,500 పన్ను చూపండి. వ్యక్తిగత మినహాయింపులు నెలల లెక్కన సగమే వస్తాయి. అద్దెను మాత్రం మరిచిపోకండి: కట్టిన అద్దెలో 18 శాతాన్ని ఆస్తిపన్నుగా లెక్కగట్టి తగ్గించుకోవచ్చు. నెలకు 2,500 చొప్పున ఆరు నెలలకు 15,000 అయితే, 2,700 డాలర్ల తగ్గింపు.

రెండోది అక్కడ నివాసం లేనివారు వేసే ఎన్‌జె-1040ఎన్‌ఆర్, జూలై నుంచి డిసెంబరు వరకు. న్యూజెర్సీలో వచ్చిన ఆదాయం కాలమ్‌లో జీతానికి సున్నా వేసి, 2,700 పన్ను వెనక్కి అడగండి. ఆ కాలంలో పెన్సిల్వేనియా నివాసినని సంతకం చేసిన ప్రకటన జతచేయండి. 5,200 మొత్తాన్నీ రెండింటిలోనూ చూపితే రిఫండు ఆగిపోతుంది. డబ్ల్యూ-2లో యూఐ, ఎస్‌డీఐ, ఎఫ్‌ఎల్‌ఐ (నిరుద్యోగ, వైకల్య, కుటుంబ సెలవు బీమాలు) పేరిట కోసినవి ఆదాయపు పన్ను కావు, వాటిని కలపకండి.

ఇక పెన్సిల్వేనియా రిటర్ను పీఏ-40లో పార్ట్ ఇయర్ రెసిడెంట్ (ఏడాదిలో కొంతకాలమే నివాసి) అని గుర్తించి తేదీలు వేయండి. రేటు 3.07 శాతం. స్టాండర్డ్ డిడక్షన్ ఉండదు. న్యూజెర్సీ 401(కే) అనే రిటైర్మెంట్ పొదుపు జమను జీతంలోంచి తీసేస్తుంది, పెన్సిల్వేనియా తీసేయదు. జూలై తర్వాత 6,000 వేసి ఉంటే 62,000 కాదు, 68,000 చూపాలి. దాని మీద పన్ను సుమారు 2,088 డాలర్లు. డబ్ల్యూ-2లో పెన్సిల్వేనియా పేరే లేదు కాబట్టి ఆ రాష్ట్ర పన్నుల శాఖ ఉత్తరం రాయవచ్చు. పే స్టబ్‌లు, ఇంటి రిజిస్ట్రేషన్ కాగితాలు, కొత్త డ్రైవింగ్ లైసెన్స్ ప్రతి సిద్ధంగా ఉంచుకోండి.

కొత్తగా వచ్చినవారికి ఎవరూ చెప్పనిది మరొకటుంది: టౌన్‌షిప్పు, స్కూల్ డిస్ట్రిక్టు కలిసి వసూలు చేసే స్థానిక ఆదాయపు పన్ను. చాలాచోట్ల 1 శాతం, కొన్నిచోట్ల అసలు ఉండదు. మీ చిరునామాతో రాష్ట్ర వెబ్‌సైట్‌లో రేటు చూసుకోండి. 1 శాతమైతే మీకు 680 డాలర్లు. న్యూజెర్సీ కంపెనీ దీన్ని సాధారణంగా కోయదు. దీనికి రిటర్ను వేరు, భార్యాభర్తల ఆదాయాలు కలపడానికీ వీల్లేదు. వదిలేస్తే రెండు మూడేళ్ల తర్వాత వడ్డీ, పెనాల్టీలతో నోటీసు వస్తుంది.

ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి భారత్‌లో పన్ను లేకపోయినా రెండు రాష్ట్రాలూ పన్ను వేస్తాయి. జూన్ దాకా జమైన వడ్డీ న్యూజెర్సీలో, తర్వాతిది పెన్సిల్వేనియాలో చూపండి. ఎన్‌ఆర్‌ఓ (భారత్‌లో వచ్చే ఆదాయం దాచుకునే ప్రవాసుల ఖాతా) ఖాతాలో టీడీఎస్ కోసి ఉంటే దానికి ఫెడరల్ రిటర్నులోనే క్రెడిట్, రాష్ట్రాల్లో రాదు.

అన్నిటికీ గడువు 2026 ఏప్రిల్ 15. 2026 జీతంలో న్యూజెర్సీ కోత ఆగాలంటే ఎన్‌జె-165 (న్యూజెర్సీ నివాసిని కానని ఇచ్చే పత్రం) నింపి పేరోల్ విభాగానికి ఇవాళే ఇవ్వండి. చిరునామా మార్చినంత మాత్రాన కోత ఆగదు. పెన్సిల్వేనియా పన్ను కోయగలరేమో కూడా అడగండి. కుదరదంటే ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబరు 15, జనవరి 15 తేదీల్లో అంచనా పన్ను మీరే కట్టాలి. ఆఫీసు న్యూయార్క్‌కు మారితే మాత్రం పరస్పర ఒప్పందం గురించి చెప్పినది వర్తించదు. ఆ రాష్ట్రంతో పెన్సిల్వేనియాకు ఇలాంటి ఒప్పందం లేదు.