పై బీపీ 170, కింది బీపీ 78... వయసు వల్లేనా?

ప్రశ్న: మా అమ్మకు 69 ఏళ్లు. రెండు నెలలుగా బీపీ 166/76, 170/78 ఇలా వస్తోంది. కింది అంకె బాగానే ఉంది కదా, ఈ వయసులో పై అంకె పెరగడం మామూలేనని బంధువులు అంటున్నారు. షుగర్ లేదు. మోకాళ్ల నొప్పులకు మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలు వాడుతుంది. అన్నంలోకి రోజూ ఊరగాయ ఉండాల్సిందే. బీపీ మందులు తప్పవా?
- ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: ఈ వయసులో చాలామందికి పెరుగుతుందన్నది నిజం. పెరిగినా ఫర్వాలేదన్నది మాత్రం నిజం కాదు. వయసుతో పాటు పెద్ద రక్తనాళాలు సాగే గుణం కోల్పోయి గట్టిపడతాయి. అందుకే గుండె రక్తాన్ని నెట్టినప్పుడు పై అంకె ఎగబాకుతుంది, కింది అంకె అలాగే ఉంటుంది, లేదా తగ్గుతుంది. కింది అంకె 90 లోపే ఉన్నా, పై అంకె తరచూ 140 దాటితే అధిక రక్తపోటే. పక్షవాతం ముప్పు దీనితోనూ ఉంటుంది.

నాకు ముందుగా అనుమానం మోకాళ్ల మాత్రల మీదే. అవి డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ వంటివైతే, కిడ్నీలు ఉప్పునూ నీటినీ ఒంట్లోనే నిలిపేస్తాయి. బీపీ పెరుగుతుంది, బీపీ మందుల పనితనమూ తగ్గుతుంది. 'గ్యాస్ మాత్ర కలిపే వేసుకుంటున్నాం డాక్టరుగారూ' అని చాలామంది ధీమాగా చెబుతారు. అది కాపాడితే కడుపును కాపాడుతుంది, కిడ్నీలను కాదు. ఆ మాత్రల అట్టను డాక్టరుకు చూపించి, బదులుగా ఏం వాడాలో అడగండి.

ఇక ఊరగాయ. పూర్తిగా మానమంటే మీ అమ్మగారు నా మాట వింటారని నేను అనుకోను. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు, అంటే సుమారు ఒక టీస్పూను దాటకూడదు. అప్పడాలు, వడియాలు, ఊరమిరపకాయలు కూడా ఆ లెక్కలోకే వస్తాయి. సైంధవ లవణానికి మినహాయింపు లేదు. పొటాషియం కలిపిన ఉప్పును మాత్రం కిడ్నీ పరీక్ష చేయించకుండా కొనకండి.

అధిక బరువు, గట్టి గురక, కిడ్నీ, థైరాయిడ్ సమస్యలు, కుటుంబంలో బీపీ ఉన్నాయేమో డాక్టరుకు చెప్పండి. క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు తెలిపే రక్తపరీక్ష), పొటాషియం, మూత్ర పరీక్ష, ఈసీజీ అవసరమవుతాయి.

ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, మాట్లాడనివ్వకుండా, వారం పాటు ఉదయం, సాయంత్రం బీపీ చూసి రాసుకోండి. అప్పుడూ ఇవే అంకెలొస్తే మందు తప్పకపోవచ్చు. తక్కువ మోతాదుతో మొదలుపెడతారు. నిల్చున్నాక కూడా బీపీ చూడమని అడగండి, కొందరు పెద్దవాళ్లకు లేవగానే బీపీ పడిపోయి కళ్లు తిరుగుతాయి. మూతి వంకరపోవడం, మాట తడబడటం, ఒక చెయ్యి పట్టుతప్పడం, ఛాతీ నొప్పి వంటివి కనిపిస్తే మాత్రం బీపీ చూస్తూ కూర్చోకుండా వెంటనే 108కి ఫోన్ చేయండి.