కేన్ హిల్ ఎక్కే ముందు

చి. కిరణ్‌కు,

అత్తయ్య ఆశీస్సులు. మా అన్నయ్యనీ వదిననీ వెంటబెట్టుకుని ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ ఆన్ ఏవన్‌లో బోటు అద్దెకి తీసుకుని, కెన్నెట్ అండ్ ఏవన్ కాలవ మీద డివైజెస్ దాకా వెళ్లొస్తామన్నావు. వారం రోజులకి మంచి ప్లానే. కానీ ఫోన్లో "లైసెన్స్ కూడా అక్కర్లేదు అత్తయ్యా, ఏముంది అందులో" అన్నావు చూడు, అందుకే ఈ ఉత్తరం.

బోటు నడపడం నువ్వు గంటలో పట్టేస్తావు. టిల్లర్, అంటే వెనక చుక్కాని తిప్పే పిడి, ఎడమకి తోస్తే ముక్కు కుడికి తిరుగుతుంది. ఎదురు బోటొస్తే కుడికి జరగాలి. రివర్స్‌లో మాత్రం అది నీ మాట వినదు. గంటకి నాలుగు మైళ్లు దాటకూడదు. ఒడ్డున కట్టేసిన బోట్ల పక్కన అంతకంటే బాగా తగ్గించు, లోపల ఎవరో టీ పెట్టుకుంటూ ఉంటారు. అంతే. అసలు పనంతా లాకుల దగ్గర, అంటే నీళ్లు నింపి, వదిలి బోటుని ఎక్కించి దింపే తలుపుల గదుల దగ్గర.

ధవళేశ్వరంలో తాతయ్య చూపించిన లాకులకి తలుపులు తియ్యడానికి లస్కర్లు ఉండేవాళ్లు. ఇక్కడ తలుపులు తోసేదీ, నీళ్లు వదిలేదీ మీరే. సెమింగ్టన్ దగ్గర రెండు లాకులు, సీండ్ దగ్గర అయిదు వస్తాయి. అక్కడే అందరికీ చెయ్యి తిరగనివ్వు. ఆ తర్వాత కేన్ హిల్. రెండు మైళ్లలో 29 లాకులు, 237 అడుగుల ఎక్కుడు. అందులో 16 లాకులు కొండ మీదికి ఒకే వరసలో ఉంటాయి. మొత్తం ఎక్కేసరికి అయిదారు గంటలు పడుతుంది, మధ్యలో రాత్రికి ఆగనివ్వరు. ఏ టైములోపల లోపలికి వదులుతారో ముందురోజే కనుక్కుని, కింద ఫాక్స్‌హ్యాంగర్స్ దగ్గర పడుకుని, పొద్దున్నే మొదలుపెట్టండి. లాకులు వెడల్పైనవి, మీది లాంటి సన్నటి నేరో బోట్లు రెండు పక్కపక్కన పడతాయి. ఇంకో బోటు వాళ్లు కనిపిస్తే మొహమాటపడకుండా అడిగి జత కలుపు. నీళ్లు సగం ఆదా, చాకిరీ కూడా సగమే. నీలం జాకెట్ల వాలంటీర్లు ఉంటే వాళ్ల మాట విను, వాళ్లకి ఆ లాకులు ఇంటి గదుల్లాంటివి.

ఎక్కేటప్పుడు పాడిల్, అంటే నీళ్లు వదిలే తూము పలక, ఒక్కసారిగా పైకి ఎత్తకండి. ముందు సగం తియ్యి, బోటు కుదురుకున్నాక మిగతాది. లేకపోతే నీళ్ల ధాటికి బోటు ముందుకీ వెనక్కీ కొట్టుకుంటుంది, వంటగదిలో గిన్నెలన్నీ కింద పడతాయి. ముక్కు పై గేటు దూలం కింద ఇరుక్కోకుండా ఒకరు కన్నేసి ఉంచాలి. పాడిల్ ఎత్తడానికి తిప్పే చేతి పిడి విండ్‌లాస్, దాన్ని ఇరుసు మీద వదిలేసి కబుర్లలో పడొద్దు. పట్టు జారితే అది గిర్రున తిరిగి ఎగిరొచ్చి మొహం పగలగొడుతుంది.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. పై గేటు అడుగున నీళ్లలో రాతి గడప ఉంటుంది, దాన్ని సిల్ అంటారు. లాకు నిండుగా ఉన్నప్పుడు అది కనబడదు. అది ఎక్కడిదాకా ఉందో గోడ మీద తెల్లగీత చెబుతుంది. బోటు వెనకభాగం ఆ గీత దాటి ముందువైపే ఉండాలి. నీళ్లు దిగుతుంటే వెనకభాగం గడప మీద కూర్చుండిపోయిందనుకో, ముక్కు కిందికి పోతుంది, నిమిషాల్లో బోటు మునుగుతుంది. అందుకని టిల్లర్ దగ్గర ఉన్నవాళ్లు ఫోన్ చూడకూడదు. అనుమానం రాగానే గట్టిగా అరవాలి. పైనున్నవాళ్లు "ఏమిటీ" అని అడక్కుండా ముందు కింది పాడిల్స్ మూసెయ్యాలి, ఆ తర్వాత పైవి మెల్లగా తెరిచి మళ్లీ నింపాలి. ఈ వరస బయల్దేరేముందే అందరూ ఒకసారి పైకి చెప్పుకోండి. తాళ్లు ముడి వెయ్యొద్దు. గుంజకి ఒక చుట్టు చుట్టి చేత్తో వదులుతూ ఉండాలి. ముడి వేస్తే నీళ్లు దిగాక బోటు తాడుకి వేలాడుతుంది.

పాడిల్స్ మూశారో లేదో వదిలివెళ్లే ముందు వెనక్కి తిరిగి చూడండి. ఇది మర్యాద కోసం మాత్రమే కాదు. ఈ కాలవకి నీళ్లు ఊరికే రావు. పైన క్రాఫ్టన్ దగ్గర పంపులతో ఎత్తి పోయాలి (1812 నాటి ఆవిరి ఇంజను అక్కడ ఇప్పటికీ పనిచేస్తుంది, వీలైతే ఇంకోసారి వెళ్లి చూడు). కేన్ హిల్ కింద 1996లో పెట్టిన పంపు రోజుకి 3.2 కోట్ల లీటర్ల దాకా మళ్లీ పైకి తోడగలదు. మీరొక్క పాడిల్ మరిచిపోతే ఆ శ్రమంతా రాత్రికి రాత్రి కిందికి పోతుంది, వెనకొచ్చేవాళ్ల బోటు బురదలో కూర్చుంటుంది. జాన్ రెన్నీ కట్టిన ఈ కాలవ 1810లో పూర్తయింది. 1852లో రైల్వే కంపెనీ కొనేసింది, కొన్నాక పట్టించుకోలేదు. 1950ల కల్లా ఈ లాకులు పాడుబడి గడ్డి మొలిచాయి. మామూలు జనం చందాలు పోగేసి, సెలవురోజుల్లో పారలు పట్టి బాగుచేసుకున్నారు. 1990 ఆగస్టులో రాణి వచ్చి మళ్లీ తెరిచింది. బోటు అద్దె మీరు కట్టారు కాబట్టి కాలవ మీది అనుకోకండి.

ఇంకో మాట, వదిన సంగతి. లాకు గోడ మీది రాళ్లు నాచుతో జారతాయి, గేటు మీది నడక పలక జానెడే. ఆవిడ మోకాళ్లతో ఒక గేటు మీంచి ఇంకో గేటు మీదికి దాటడాలు వద్దు. ఒడ్డునే నడిచి ముందు లాకు ఖాళీగా ఉందో లేదో చూసి చెప్పమను, ఆ పని ఆవిడకి బాగా నచ్చుతుంది. అన్నయ్య మాత్రం టిల్లర్ వదలడు, నాకు తెలుసు. దిగేరోజు ఆ తెల్లగీత ఆయనకి నువ్వే చూపించాలి.

కాలవ నీళ్లు తగిలిన చేతులు కడుక్కోకుండా తినకండి. ప్రొపెల్లర్‌కి చెత్త చుట్టుకుంటే ఇంజను ఆపి, తాళంచెవి జేబులో వేసుకున్నాకే చెయ్యి పెట్టాలి. తిరిగే వంతెనల తాళంచెవి, విండ్‌లాస్‌లు రెండు బోటు వాళ్ల దగ్గర మరిచిపోకుండా అడిగి తీసుకో. ఒకటి ఎలాగూ నీళ్లపాలవుతుంది.

అత్తయ్య